చెంబుతో పరుగు

మందమర్రి ఎర్రగడ్డ కార్మికుల ఇళ్ల లైన్లలో ఎవరూ పరుగెత్తరు. పెద్దమనుషులు కూర్చుని పెట్టిన కట్టుబాటేం కాదది. బొగ్గుబాయి పక్కన కాపురాలు చేసేవాళ్లకు దానంతట అదే అబ్బిన నడవడి. బస్సు కదిలిపోతున్నా నడిచే పోతారు, ఇది పోతే ఇంకోటి వస్తుందంటారు. వాన ముంచుకొచ్చినా తల మీద తువ్వాల వేసుకుని నడుస్తారు. పిల్లలు ఆటల్లో పడి పరుగు లంకించుకుంటే, ఏ గడపలో ఉన్న ఏ తల్లయినా సరే, "మెల్లగ నడువుండ్రిరా! ఎవలకేమైందని ఉరుకుతుండ్రు?" అని కసురుతుంది. బాయి దిక్కు నుంచి మనిషి పరుగెత్తుకొస్తే దానికి ఒకటే అర్థం. పాలు తాగే పిల్లలకు తప్ప ఆ లైన్లలో అందరికీ ఆ అర్థం తెలుసు.

రామచంద్రానికీ తెలుసు. అక్కడే పెరిగినవాడికి తెలియకేం? కానీ మనిషికి ఒక పని మీద మనసు పడిందంటే తెలిసినవన్నీ మరిచిపోతాడు.

వాడి మనసు రెస్క్యూ జట్టు మీద పడింది. బాయిలో విషవాయువు కమ్మినా, మంటలు లేచినా, కప్పు కూలినా అందరూ ప్రాణాలు అరచేత పట్టుకుని పైకి వస్తారు. ఆ వేళప్పుడు వీపుకు గాలి డబ్బా, మొహానికి తోలు తొడుగు తగిలించుకుని లోపలికి దిగేవాళ్లు రెస్క్యూవాళ్లు. మామూలు రోజుల్లో వాళ్లూ అందరిలాంటి కార్మికులే. రామచంద్రం కప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టే పనిలో ఉన్నాడు. కప్పు కూలితే ఏమవుతుందో వాడికి ఒకరు చెప్పనక్కరలేదు. వాడు బడికి పోయే రోజుల్లో తండ్రి ముత్తయ్య అట్లాగే పోయాడు. ఆ జట్టులో చేరాలన్న కోరిక అప్పటి నుంచీ వాడిలో ఉంది. తల్లి కనకవ్వకు ఆ మాట చెప్పే ధైర్యం మాత్రం లేదు. చెబితే ఒప్పుకోదు. ఒప్పుకోకపోతే ఆమెను కాదని పోగలిగే కొడుకు కాదు వాడు.

చెప్పకుండానే పేరిచ్చి వచ్చాడు. కంపెనీ డాక్టరు వాడిని ఒక బల్ల మీదికి ఎక్కించీ దించీ, ఎక్కించీ దించీ, చివరికి నాడి పట్టుకుని చూసి పెదవి విరిచాడు.

"కండలున్నయి గానీ దమ్ము లేదు. ఇంత దమ్ముతో నువ్వు లోపలికి పోతే నిన్ను తేవడానికి ఇంకొకరు పోవాలి. రోజూ పొద్దున పరుగెత్తు. ఎండలు ముదిరేలోగా మళ్లీ రా, చూద్దాం."

ఎట్లా పరుగెత్తాలని రామచంద్రం అడగలేదు. అది కూడా ఒకరు నేర్పాలా అనుకున్నాడు. మంచిర్యాలకు పోయి తెల్లటి కాన్వాసు బూట్లు కొనుక్కొచ్చి మంచం కింద దాచాడు. అప్పట్లో వాడికి ఎప్పుడూ రెండో షిఫ్టే, పొద్దునంతా ఖాళీ. తెలతెలవారుతుండగా తల్లిని లేపకుండా బయటపడ్డాడు. లైన్ల ముందున్నది గుంతల బాట, బాయి గేటు నుంచి మొదలయ్యేది నున్నటి తారురోడ్డు. అందుకని గేటుదాకా తాపీగా నడిచిపోయి, అక్కడ బూట్ల తాళ్లు బిగించుకుని, లైన్ల వైపు తిరిగి పరుగందుకున్నాడు. కాస్త ఇటూ అటూ చూసుకోవద్దూ? చూసుకోలేదు. తెలివి ఉన్నవాడే, కానీ ఆ పూట దాన్ని మంచం మీదే వదిలేసి వచ్చాడు.

పైగా కొత్త కాబట్టి కుక్క తరిమినట్టు పరుగెత్తాడు. మొదటి మలుపు దాకా గాలిలో తేలిపోతున్నట్టే ఉంది. రెండో మలుపుకు డొక్కలో పోటు మొదలైంది. లైన్ల దగ్గరికి వచ్చేసరికి నోరు తెరుచుకుపోయింది, కళ్లు తేలిపోయాయి, ఒక చెయ్యి డొక్కను పట్టుకుంది. ముందుగా కిష్టవ్వ ఇంటి తలుపు తెరుచుకుంది. వెంటనే ఆ వరసంతా తెరుచుకుంది. పొయ్యి ఊదే గొట్టంతో ఒకామె, పిండి చేతులతో ఒకామె, చంటిపిల్లను చంకనేసుకుని ఒకామె వచ్చి అడ్డం పడ్డారు.

"ఏమైందిరా? ఎక్కడ? ఎవలు?"

ఏం కాలేదని చెబుదామంటే వాడికి మాట రావడం లేదు. ఊపిరంతా పైపైనే ఆడుతోంది. ఏం లేదన్నట్టు చెయ్యి వెనక్కి ఊపాడు. ఆ చెయ్యి బాయి వైపు చూపించినట్టుంది. ఇంకేముంది, ఆడవాళ్లంతా కొంగులు నడుముకు చుట్టుకుని గేటు వైపు కదిలారు. లైన్లలో ఎవరూ పరుగెత్తరని మొదట చెప్పాను కదా, ఆ పూట పరుగెత్తారు. రామచంద్రం మాత్రం పరుగెత్తలేక డొక్క పట్టుకుని "ఆగుండ్రి, ఆగుండ్రి" అనుకుంటూ వాళ్ల వెనక ఈడ్చుకుంటూ పోయాడు.

గేటు దగ్గర కాపలావాడు ఒట్లు పెట్టుకున్నాడు. లోపల అంతా క్షేమమే అన్నాడు. ఎవరు నమ్ముతారు? నైట్ షిఫ్టువాళ్లు మసి మొహాలతో ఒక్కొక్కరే పైకి వచ్చి, "గిదేంది, పొద్దుగాల్నే అందరు గీడ?" అని నోరు తెరిచేదాకా ఏ ఒక్కతీ కదల్లేదు. తన పెనిమిటి రాజయ్య బయటికి రాగానే పక్కింటి ఐలవ్వ అతని రెండు భుజాలూ తడిమి చూసి, వెనక్కి తిరిగి రామచంద్రం మీద పడింది. తిట్లలో ఆమెను మించినవాళ్లు ఆ లైన్లలో లేరు. వాడు తలవంచుకుని అన్నీ పడ్డాడు.

అప్పుడు కనిపించింది కనకవ్వ. గేటు పక్కన మట్టిలో కూర్చుని ఉంది. కాళ్లకు చెప్పులు లేవు, కొంగు నోటికి అడ్డంగా ఉంది. ఏడవడం లేదు. రామచంద్రం దగ్గరికి పోయి, "అవ్వా, నేనే ఉరికిన. ఏం కాలే" అన్నాడు.

ఆమె వాడిని పైనుంచి కిందికి చూసింది.

"లేసి చూస్తె నువ్వు పక్కల లేవు. అక్కర పడి బాయిలకు నిన్నే పిలిచిండ్రనుకున్న" అంది. ఐలవ్వ తిట్లన్నీ ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. రామచంద్రానికి ఆ మట్టిలోనే కూరుకుపోవాలనిపించింది.

ఎందుకు పరుగెత్తావని అడిగితే బాయిల ఆటల పోటీకి అని చెప్పాడు. పోటీలు ఏటా జరిగేవే, ఎవరికీ అనుమానం రాలేదు. "ఉరికి పాలు తాగే కన్న నిలబడి నీళ్లు తాగరాదురా అల్లుడా" అని ఐలవ్వ కూడా కొంచెం చల్లబడింది. వాడు ఆమెను అత్తా అంటాడు, ఆమె వాడిని అల్లుడా అంటుంది. చుట్టరికం లేదు గానీ పిలుపుకు తక్కువ లేదు.

మర్నాడు రామచంద్రం గోడ పట్టుకుని లేచాడు. పిక్కలు రాళ్లయ్యాయి, కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. రెండో షిఫ్టులో బాయి మెట్లు దిగుతుంటే వాడి జతగాడు కైలాసం రెక్క పట్టుకుని దించాల్సి వచ్చింది. కైలాసం ఒక్కడికే అసలు సంగతి తెలుసు. కాళ్ల నొప్పులైతే నాలుగు రోజులకు తగ్గుతాయి. ఇప్పుడు పరుగెత్తేది ఎక్కడ అన్నదే తెగలేదు. ఏ దిక్కుకు పోయినా లైన్లు దాటే పోవాలి. అడవి బాటన పరుగెత్తి చూస్తే, కట్టెలకు పోయే ఆడవాళ్లు దూరం నుంచి చూసి కట్టెలు కింద పడేసి నిలబడిపోయారు. వాడు నడక మొదలుపెట్టి, వాళ్లు దాటిపోయాక పరుగెత్తి, మళ్లీ ఎవరైనా కనిపిస్తే నడిచి, విసుగొచ్చి ఇంటికొచ్చి గడపలో కూలబడ్డాడు. అక్కడ కనకవ్వ బియ్యం చెరుగుతోంది, పక్కన ఐలవ్వ కూర్చుని ఉంది.

"మొఖం గట్ల పెట్టినవేందిరా?" అంది ఐలవ్వ.

"ఉరికితె మంది పరేషాన్ అవుతుండ్రత్తా. ఉరకకపోతె దమ్ము రాదు. ఏం జెయ్యాలె?"

ఐలవ్వ నోట్లో ఆకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుంది.

"చెంబు పట్టుకొని ఉరుకు."

"చెంబా?"

"ఆ, చెంబే. పొద్దుగాల చెంబు పట్టుకొని ఉరికేటోన్ని చూసి ఎవలన్న భయపడ్తరా? పాపం, వానికి ఆగుతలేదనుకుంటరు. దారి ఇడుస్తరు."

కనకవ్వకు నవ్వాగలేదు. గేటు దగ్గర మట్టిలో కూర్చున్న రోజు నుంచి ఆమె మొహంలో నవ్వు చూడటం అదే మొదలు. ఆ నవ్వు చూశాక చెంబేమిటి, బిందె పట్టుకుని పరుగెత్తమన్నా రామచంద్రం పరుగెత్తేవాడే.

మర్నాడు పొద్దున కనకవ్వే చెంబు నిండా నీళ్లు పోసి చేతికిచ్చింది. "ఒట్టి చెంబైతె ఎవలు నమ్ముతరు?" అంది. సిగ్గుతో చచ్చిపోతూ రామచంద్రం గడప దాటాడు. ఐలవ్వ మాట అక్షరాలా నిజమైంది. కిష్టవ్వ వాకిలి ఊడుస్తూ తలెత్తి, చెంబును చూసి, గబగబా పక్కకు జరిగి దారిచ్చింది. ఇంకొకామె మొహం తిప్పుకుని నవ్వింది. భయపడినవాళ్లు మాత్రం లేరు.

అసలు మేలు ఇంకోటి జరిగింది, అది ఐలవ్వ కూడా ఊహించనిది. నిండు చెంబుతో కుక్క తరిమినట్టు పరుగెత్తలేం. రెండడుగులకే నీళ్లు చింది పైజామా తడిసిపోయింది. తడిసిన పైజామాను చూస్తే జనం ఏమనుకుంటారో వేరే చెప్పాలా? అందుకని రామచంద్రం నిదానించాడు. అడుగు చిన్నది చేశాడు, భుజాలు బిగించడం మానేశాడు, చెంబు కదలకుండా ఒక పొందికలో పోవడం మొదలుపెట్టాడు. అలుపొస్తే ఒక కరెంటు స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా నడిచేవాడు, తర్వాతి స్తంభం నుంచి మళ్లీ పరుగు. డొక్కలో పోటు రాలేదు. వారాలు గడిచేకొద్దీ నడిచే స్తంభాలు తగ్గాయి, పరుగెత్తేవి పెరిగాయి. ఒకరోజు వాగుదాకా పోయి తిరిగొచ్చి, దారిలో ఎక్కడా నడవలేదని గడపలోకి వచ్చాక గుర్తొచ్చింది. ఊపిరి ఇంకా అందుతూనే ఉంది. ఆ సంతోషం ఎవరికైనా చెప్పుకుందామంటే కుదరదు, చెంబు పట్టుకుని వాగుదాకా పోయినవాడిని ఊరెట్లా మెచ్చుకుంటుంది?

ఊరు మెచ్చుకోకపోతే పోయె, జాలిపడటం మొదలుపెట్టింది. కుండకు మూకుడు వేయగలం గానీ ఊరికి మూకుడు వేయగలమా? పోటీ మాట అందరూ ఎప్పుడో మరిచిపోయారు. రోజూ అదే వేళకు అంత తొందరగా పోతున్నాడంటే రామచంద్రానికి కడుపులో ఏదో పెద్ద రోగమే పట్టిందని లైన్లన్నీ తేల్చేశాయి. ఒకరు దానిమ్మ తొక్కలు ఎండబెట్టి పంపించారు. ఇంకొకరు మెంతులు మజ్జిగలో నానబెట్టమన్నారు. బాయి దిగేముందు దీపాలిచ్చే లాంప్ రూం దగ్గర వరసలో నిలబడితే, "ముందు వాన్ని పోనియ్యుండ్రిరా, ఆగలేడు" అని నవ్వేవాళ్లు. కైలాసం ఉడికిపోయేవాడు. రామచంద్రం వాడి చెయ్యి నొక్కి ఊరుకోబెట్టేవాడు. తల్లి భయపడకుండా ఉంటే చాలు, నవ్వేవాళ్లు నవ్వుకోనీ అనుకున్నాడు.

అట్లాగే జరిగిపోయేదేమో గానీ, బెల్లంపల్లి నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల పేరు అనసూర్య. ఆమె మేనమామ ఒక ఆదివారం ఇల్లు చూడటానికి వచ్చాడు. పెద్దమనిషి, తెల్ల ధోవతి, మాటలో మర్యాద. చాయ్ తాగాడు, కప్పు కింద పెట్టాడు, గొంతు సవరించుకున్నాడు.

"ఏమనుకోకక్కా. పిలగాడు బుద్ధిమంతుడని అందరన్నరు. కాని కడుపు మంచిగ లేదంటున్నరు. చెంబు పట్టుకొని దినాం వాగుదాకా ఉరుకుతడట. పిల్లనిచ్చేటోళ్లం, జర అడగాలె గద."

కనకవ్వ నోరు తెరిచేలోగా గుమ్మంలో నిలబడ్డ కైలాసానికి ఓపిక తెగిపోయింది.

"గా ముచ్చట ఎవడన్నడు? రాళ్లు తిని అరాయించుకుంటడు మావోడు! వాని కడుపుకు ఏం కాలే. రెస్క్యూల చేరెటందుకు ఉరుకుడు నేర్చుకుంటుండు. డాక్టరే ఉరుకుమన్నడు."

మాట అనేశాక కైలాసం నాలుక కరుచుకున్నాడు. మేనమామ మొహం విప్పారింది, ఇంకో చాయ్ అడిగాడు. కనకవ్వ పోయి చాయ్ పెట్టింది, తెచ్చి ఇచ్చింది, గుమ్మందాకా సాగనంపింది. తర్వాత లోపలికి పోయి గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ సాయంత్రమూ మాట్లాడలేదు, మర్నాడూ మాట్లాడలేదు. అన్నం పెట్టేది, చెంబులో నీళ్లు మాత్రం పోయలేదు. రామచంద్రం ఎన్నోసార్లు నోటిదాకా వచ్చిన మాట మింగాడు. చివరికి ఉండబట్టలేక ఆమె ముందు కూర్చున్నాడు.

"అవ్వా, మానేస్త. నీకు ఇష్టం లేని పని నాకెందుకు? పోయి పేరు తీసేయమని చెప్త. ఫికర్ చెయ్యకు."

వాడు బూట్లు తీసుకుపోయి అటక మీద పడేశాడు. ఇన్నాళ్లు పడిన పాట్లన్నీ ఉత్తవే అయిపోయాయని బాధగానే ఉంది. కానీ మాట ఇచ్చాక తేలికపడ్డట్టు కూడా అనిపించింది. మనిషి మనసు అంతే, ఓడిపోయినా ఒక పని తెగిపోతే చాలనుకుంటుంది.

తెల్లవారుజామున ఎవరో భుజం తట్టారు. కళ్లు తెరిస్తే మంచం పక్కన కనకవ్వ కూర్చుని ఉంది. ఎప్పటి నుంచి కూర్చుందో తెలియదు.

"మీ బాపును తెచ్చిననాడు నువ్వు చిన్నపిలగానివి" అంది ఆమె. "గేటు కాడ్నే కూసున్న. రెండు దినాలు. ఇగ దొరకడు, పోండ్రి అన్నరు. గప్పుడు మొఖాలకు తోలు తిత్తులు పెట్టుకున్నోళ్లు లోపటికి పోయి తెచ్చిండ్రు. మీ బాపు మొఖం కడిగిన, పసుపు రాసిన, సాగనంపిన. ఆయన మొఖం నాకు దక్కింది. తెచ్చినోళ్ల మొఖాలు మాత్రం చూడలే. తిత్తులు తీసి గోడకు ఒరిగి దమ్ము తీసుకుంటుండ్రి. ఒక్కనికి గుక్కెడు నీళ్లియ్యాలన్న సోయి లేకపాయె."

"గప్పుడు నీకెట్లుంటది సోయి, అవ్వా?"

"నేనేమనుకున్ననో ఎరికేనా? వాళ్లకు అవ్వలు లేరనుకున్న. అవ్వ ఉన్నోడు గందుల్లకు ఎట్ల పోతడు, ఏ అవ్వ పోనిస్తది అనుకున్న. ఇన్నేండ్లు గట్లనే అనుకున్న." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "వాళ్లకూ అవ్వలుంటిరి గదరా. ఉండి పంపిరి గద."

రామచంద్రానికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"లే" అందామె. "పొద్దు పొడుస్తుంది."

అటక మీద ఉండాల్సిన బూట్లు మంచం కింద ఉన్నాయి. వాడు తొడుక్కుని, అలవాటు కొద్దీ మూలకు చూశాడు.

"చెంబెందుకు? మా పిలగానికి రోగమా, రొష్టా?" అంది కనకవ్వ. కొంగు నిండుగా కప్పుకుని వాడికంటే ముందే గడప దిగింది.

బయట ఇంకా మసకగానే ఉంది. పక్కింటి ముందు నిలబడి ఆమె పిలిచింది. "ఐలవ్వా! మావోడు ఉరుకుతుండు. బాయిల ఏం కాలే. మందిని పానంతోని తెచ్చే పనికి ఉరుకుడు నేర్చుకుంటుండు. భయపడకుండ్రి." మొదటి గుమ్మం ముందు ఆమె గొంతు వణికింది. కిష్టవ్వ గుమ్మం ముందు కూడా కొంచెం వణికింది. ఆ తర్వాతి గుమ్మాల ముందు వణకలేదు.

రామచంద్రం బాటలో నిలబడిపోయి ఆమెనే చూస్తున్నాడు. ఆమె వెనక్కి తిరిగింది.

"నిలబడి చూస్తవేందిరా? ఉరుకు."

వాడు పరుగందుకున్నాడు. నిదానంగా, ఊపిరి అందేట్టుగా ఆమెను దాటి ముందుకు పోయాడు. వెనక ఆమె గొంతు ఇంకో గుమ్మం ముందు వినిపించింది. "ఏం కాలే, పండుకోండ్రి. మా పిలగాడే."